ఇల్లు కట్టుటకై సైకిలెక్కిన పట్టభద్రుడు

2014వ సంవత్సరమున, వేసవి సెలవులకు ముందు ఒక సాయంకాలము, మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకని తల్లి మా యింటికి వచ్చెను. ఆమె చేతిలో కుమారుడు అమెరికానుండి పంపిన జాబు యొక్క అచ్చుప్రతి యుండెను. ఆ కుఱ్ఱవాడు మన యొద్ద తెలుగు మాధ్యమమున పదవ తరగతి ముగించి, చెన్నపట్టణమున ఇంజనీరింగు పట్టము పొంది, పైచదువునకై ఆ దేశము వెళ్ళినవాడు. పైచదువును పూర్తియైనది, ఉద్యోగమును దొరకినది. చేరుటకు మూడు నెలల గడువుండెను. ఆ గడువులో బిడ్డ ఇల్లు చేరునని ఆమె యెదురుచూచుచుండగా, అతడు వేరొక సంగతి వ్రాసినాడు. తాను సైకిలుపై ఆ దేశమును ఒక సముద్రమునుండి మరియొక సముద్రము వరకు దాటబోవుచున్నాడట. బీదలకు ఇండ్లు కట్టించుటకై ఆ యాత్ర జరుగునట. అందులకు తనవంతుగా నాలుగున్నర వేల డాలర్లు చందా కూర్చవలెనట.

"అయ్యవారూ, వాణ్ణి ఇంత చదివించింది సైకిలు తొక్కేదానికా? ఇండ్లు కట్టేదానికి తాపీ కావాల గానీ సైకిలెందుకు? అయినా అమెరికాలో కూడా ఇండ్లు లేనివాళ్ళుంటారా?" అని ఆమె అడిగెను.

ఆ మూడు ప్రశ్నలలో ఒక్కదానికైనను ఆనాడు నాయొద్ద సరియైన సమాధానము లేకపోయెను. విచారించి చెప్పెదనంటిని. విచారించిన కొలది విషయము పెరిగినది. ఇప్పుడు మన పిల్లలు దూరదేశములకు పోవుట సామాన్యమైనది గనుక, ఇట్టి జాబులు మఱికొందరు తల్లిదండ్రులకును రాకమానవు. అందుచేత నాకు తెలిసినంతవరకు ఈ సంచికలో వ్రాయుచున్నాను.

అమెరికాలో ఇట్టి యాత్రలకు విద్యార్థులే ఆద్యులని చెప్పవచ్చును. 1990 దశకమున యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు వేసవి సెలవులలో తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు సైకిళ్ళపై పోవుచు గృహనిర్మాణమునకు విరాళములు కూర్చుచుండిరి. 2003లో బైక్ అండ్ బిల్డ్ అను సంస్థ యేర్పడి ఆ పనిని ఒక పద్ధతిలోనికి తెచ్చెను. పదునెనిమిదేండ్లు నిండిన యువతీయువకులు సుమారు ముప్పదిమంది ఒక జట్టు. ప్రయాణము దాదాపు 4,000 మైళ్ళు, అనగా 6,400 కిలోమీటర్లు. కాలము పది పన్నెండు వారములు. దినమునకు సగటున 100 కిలోమీటర్లు తొక్కవలెను. తిరువళ్ళూరునుండి తిరుత్తణికి పోయి, తిరిగివచ్చి, మరల సగము దారి పోయినచో ఎంత దూరమగునో అంత. అదియు ఒక్కనాడు గాదు, నెలల తరబడి.

బయలుదేరుటకు మునుపే ఒక్కొక్కరును 500 మైళ్ళ సాధన చేయవలెను. ఇల్లు కట్టుచున్న చోటునకు పోయి కొన్ని గంటలు కూలిపని చేసి రావలెను. యాత్రలో సామానులను ఒక బండి మోయును. ముందుపోవువారు మలుపుల యొద్ద రోడ్డుపై సుద్దముక్కతో బాణపు గుర్తులు గీయుదురు. అందరికంటె వెనుక ఇద్దరు వచ్చుచు, ఎవరును దారి తప్పకుండ, వెనుకబడకుండ చూచుచుందురు. రాత్రి పడక ఏదో యొక పాఠశాల నేలమీదనో, చర్చి వసారాలోనో. భోజనము ఆ యూరివారు పెట్టినది. తిన్న తరువాత పిల్లలు లేచి నిలిచి, బీదలకు ఇల్లు ఎందుకు దొరకుట లేదో ఆ యూరివారికి వివరించి చెప్పుదురు. కొన్ని దినముల కొకసారి సైకిళ్ళను గోడకు జేరవైచి సుత్తి పట్టుదురు. ఆ దేశపు ఇండ్లు చాలవరకు కొయ్య చట్రముతో లేచునవి. అందుచేత మేకు కొట్టుట, పలక కోయుట, రంగు వేయుట కొత్తవారును త్వరలోనే నేర్చుకొనగలరు. యాత్రారంభమున ఒక సముద్రములో సైకిలు చక్రమును తడుపుట, ముగింపున రెండవ సముద్రములో తడుపుట వారి యాచారము. కాశీనుండి గంగ తెచ్చి రామేశ్వరమున అభిషేకము చేయు మనవారికి ఇది వింతగా తోచదు.

ఇక ధనము మాట. ఒక్కొక్క యాత్రికుడు 4,500 డాలర్లు కూర్చవలెనను నియమము చాలకాలము నడచినది. ముప్పదిమంది జట్టునకు అది 1,35,000 డాలర్లగును. అందులో కొంత యాత్రవ్యయమునకు పోవును, తక్కినది ఇండ్లు కట్టు సంస్థలకు చేరును. నాకు మిక్కిలి నచ్చిన యేర్పాటొకటి యున్నది. ఏ సంస్థకు ఎంత ఇవ్వవలెనో నిర్ణయించుటలో ఆ పిల్లలకే భాగముండెను. వచ్చిన దరఖాస్తులను చదివి, లెక్కలు చూచి, తమలో తాము వాదించుకొని వారు విరాళములను కేటాయించిరి. ఇరువది రెండేండ్ల వాడు ఒక గృహనిర్మాణపు అంచనా పత్రమును పంక్తి పంక్తిగా చదువుట చిన్నచదువు గాదు. మన యూళ్ళలో తిరునాళ్ళకు రసీదు పుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరుగు యువకులను ఉత్సవము ముగిసిన పిదప లెక్క యడిగి చూడుడు. ఎంతమంది కనబడుదురో!

అయినను ఆ తల్లి ప్రశ్న మిగిలియే యున్నది. ఆ ధనమును నేరుగా పంపరాదా? నడుమ ఈ సైకిలెందుకు?

దీనికి నా యనుభవము నొకదానిని చెప్పవలెను. నా యౌవనమున, ఆడికృత్తికకు, నేనును నా మిత్రుడును తిరువళ్ళూరునుండి తిరుత్తణికి సైకిలుపై పోయితిమి. సైకిలు ఒక్కటే. అంబత్తూరు కర్మాగారమున తయారైన హెర్క్యులీసు, ఎవరో పదేండ్లు తొక్కి అమ్మినది. ఒకడు తొక్కుచుండ నొకడు వెనుక క్యారియరుపై కూర్చుండెను. కనకమ్మసత్రము దాటగనే చక్రము పంచరైనది, దానితోబాటు వానయు పట్టుకొన్నది. దారిప్రక్క నొక తాటాకు గుడిసెలో తల దాచుకొంటిమి. గుడిసె యజమానురాలు లోపలికి రమ్మని, ఉన్న ఒక్క పీట మాకు వేసి, తాను గోడకు ఆనుకొని నిలుచుండెను. ఇంటిలో నాలుగుచోట్ల చినుకులు పడుచుండెను. నాలుగుచోట్లను నాలుగు పాత్రలుండెను. ఐదవచోట పడినప్పుడు ఆమె ఏమియు కంగారుపడక, నిద్రించుచున్న బిడ్డను చాపతో సహా ప్రక్కకు లాగెను. ఆ దారిని నేను అంతకుముందు బస్సులో ఎన్నిమారులో పోయితిని. ఆ గుడిసె నా కంటబడలేదు. బస్సు కిటికీనుండి అది ఒక తాటాకు కప్పు మాత్రమే. చినుకు ఎచ్చట పడునో, బిడ్డను ఎచ్చటికి లాగవలెనో బస్సునుండి తెలియదు.

1951లో వినోబా భావేగారు హైదరాబాదు చెంత శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు సేవాగ్రామమునుండి నడచియే వచ్చిరి. రైలున్నను ఎక్కలేదు. సమ్మేళనానంతరము తెలంగాణ గ్రామములలో నడచుచు ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరిరి. అచ్చటి హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలెనని చెప్పుకొనగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములిచ్చెదననిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. వినోబాగారు రైలులో వచ్చి రైలులో పోయియుండినచో ఆ యూరు వారి దారిలో తగిలెడిది కాదు. నిజము చెప్పవలెనన్న, ఆ యుద్యమమున వచ్చిన భూములలో సాగునకు పనికిరానివియు చాలగలవు, పంపకమును నత్తనడక నడచినది. కాని ఆ మార్గమున నడచినవారిలోనుండియే ఈ రాష్ట్రమున శంకరలింగం జగన్నాథన్, కృష్ణమ్మాళ్ దంపతులు లేచిరి. వారు 1981లో లాఫ్టి అను సంస్థను నెలకొల్పి, నాగపట్టణపు ప్రాంతమున భూమిలేని కూలీలకు భూములు కొనిపెట్టి, పిదప గుడిసెల స్థానమున ఇటుక ఇండ్లు కట్టించు పనిని తలకెత్తుకొనిరి. నేల ముందు, ఇల్లు తరువాత. ఈ వరుసను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరెదను. మరల దీనికి వచ్చెదను.

సైకిలు యాత్రలను గూర్చి విచారించుచు పోగా నాకొక యాశ్చర్యకరమైన సంగతి తెలియవచ్చెను. అమెరికాలోని ఈ గృహనిర్మాణోద్యమపు చరిత్రలో మన తెలుగుదేశపు పట్టణమొకటి యున్నది.

మిలార్డ్ ఫుల్లర్ అనునతడు 1935లో అలబామా రాష్ట్రమున జన్మించి, న్యాయవాదియై, వ్యాపారమున ముప్పదియేండ్లు నిండకమునుపే లక్షాధికారియయ్యెను. ధనము పెరిగినకొలది సంసారము చెడినది, భార్య విడిచి వెళ్ళినది. వారిరువురును తిరిగి కలిసికొనినప్పుడు, 1965లో, ఆస్తినంతయు విడిచిపెట్టుటకు నిశ్చయించుకొనిరి. జార్జియా రాష్ట్రమున అమెరికస్ అను ఊరిచెంత క్లారెన్స్ జోర్డాన్ అను మతాచార్యుడు 1942లో స్థాపించిన కొయినోనియా అను వ్యవసాయాశ్రమము కలదు. తెల్లవారును నల్లవారును ఒక్క బల్లయొద్ద భుజించినందులకు చుట్టుప్రక్కలవారి పగను సహించిన ఆశ్రమమది. ఫుల్లర్ దంపతు లచ్చట చేరి, జోర్డానుతో కలిసి, ఇల్లులేని కుటుంబములకు లాభము లేకుండ, వడ్డీ లేకుండ ఇండ్లు కట్టించి యిచ్చు పద్ధతిని ఆలోచించిరి. ఇంటివారు తామును కాయకష్టము చేయవలెను. ఇంటి వెలను చిన్న చిన్న వాయిదాలుగా చెల్లింపవలెను. ఆ చెల్లింపు ఒక నిధిలో చేరి, తరువాతి కుటుంబమునకు ఇల్లగును. 1973 మొదలు మూడేండ్లు ఆఫ్రికాలోని జయీరు దేశమున ఈ పద్ధతిని పరీక్షించి, ఫుల్లర్ 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించెను.

ఆ సంస్థ భారతదేశమున మొదట పని ప్రారంభించినది 1983లో, ఖమ్మములో. ఈ మాట చెప్పగనే ఆ తల్లి ముఖము కొంత తేటపడెను. అంతవరకు అమెరికావారి వేడుకగా తోచినది, ఖమ్మము పేరు వినగనే మనవారి పనియైనది! మనుష్యస్వభావ మట్టిది. నాకును ఆ క్షణమున ఒకవిధమైన గర్వము కలిగినదని ఒప్పుకొనవలెను.

తరువాత 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తన ఎనుబది రెండవ యేట మహారాష్ట్రమునకు వచ్చి, లోనావ్లా చెంత ఈ సంస్థ పక్షమున నూరు ఇండ్ల నిర్మాణములో స్వయముగా పాల్గొనెను. ఆయన తల్లి లిలియన్ కార్టర్ 1960 దశకమున, డెబ్బదియేండ్లకు చేరువలోనుండి, బొంబాయి చెంత విక్రోళిలో రోగులకు సేవ చేసి వెళ్ళినది. ఇక ఫుల్లర్ తన సంస్థతో అభిప్రాయభేదములు వచ్చి 2005లో విడిపోయి, వేరొక కేంద్రమును స్థాపించెను. ఆ కేంద్రమువారును 2008 మొదలు గృహనిర్మాణమునకై సైకిలు యాత్రలు నడపిరి. ఫుల్లర్ 2009లో మరణించెను.

వడ్డీ లేకుండ అనగా ఎంత మాటయో మన లెక్కలో చూడుడు. మన ప్రాంతమున ఒక కూలివాడు ఇంటికై లక్షరూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున అప్పు తెచ్చెననుకొందము. నెలకు వడ్డీయే మూడువేలు. ఐదేండ్లు తప్పక కట్టినను 1,80,000 రూపాయలు పోవును, అసలు లక్షయు అట్లే నిలుచును. అదే లక్ష వడ్డీలేని నిధినుండి వచ్చినచో, నెలకు 1,667 రూపాయల చొప్పున ఐదేండ్లలో ఋణము తీరిపోవును. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నది రాళ్ళు, సున్నము దొరకక కాదు. పత్రముపై వ్రేలిముద్ర వేయించుకొను వడ్డీవ్యాపారిని చూచి.

అమెరికాలో ఇండ్లు లేనివారుందురా అను ప్రశ్నకు సమాధానము ఉందురనియే. అచ్చటి ప్రభుత్వము ఒక కొలమానము పెట్టుకొన్నది. ప్రభుత్వ గృహములలో నుండువారి అద్దె, ఆదాయములో నాలుగవవంతు మించరాదని 1969లో నియమించి, 1981లో దానిని నూటికి 30 వంతులకు పెంచిరి. ఇప్పుడు ఏ కుటుంబమునకైనను ఇల్లు అందుబాటులో నున్నదా లేదా యని చూచుటకు ఆ 30 వంతుల కొలతయే వాడుదురు. కనిష్ఠ వేతనముపై బ్రదుకు కార్మికుడు ఆ కొలతలోపల రెండు పడకగదుల ఇంటికి అద్దె చెల్లించుకొనుట అచ్చట ఏ రాష్ట్రమునను సులభము గాదు. ధనిక దేశమున నేల వెలయు ధనికమే!

మన సంగతి వేరు. మన జిల్లాలో ఇటుక బట్టీలు విస్తారముగా నున్నవి. చెన్నపట్టణపు మేడలకు పోవు ఇటుకలలో మన చెరువుమన్ను చాలగలదు. ఆ ఇటుకలను కోయువారు, కాల్చువారు ఎవరు? కొందరు ఇరుళర్ కుటుంబములవారు, కొందరు ఒడిస్సానుండి ముందుగా బయానా పుచ్చుకొని వచ్చి ఆరు నెలలు అచ్చటనే యుండువారు. అప్పు తీరక బట్టీకే కట్టుబడిన కుటుంబములను అధికారులు విడిపించిన సందర్భములును ఉన్నవి. వారి నివాసము తామే పేర్చిన పచ్చి ఇటుకల గూడు. నిలువుగా నిలుచుటకు ఎత్తు చాలదు. ఆ బిడ్డలు తమిళ పాఠశాలలో కూర్చున్నను ఏమియు బోధపడదని గ్రహించి, కొన్ని సంవత్సరములు బట్టీల యొద్దనే ఒడియా పుస్తకములతో, ఒడియా తెలిసిన ఉపాధ్యాయులతో బడులు నడపిరి. తల్లిభాషలో బడి యొక్క విలువ మనకు ఇంకొకరు చెప్పవలసిన పని లేదు. మన బిడ్డలకు పాఠశాల భవనమైనను ఉన్నది.

ఈ రాష్ట్ర ప్రభుత్వము గుడిసెలను తొలగించుటకు పెక్కు పథకములు వేసినది. 2010లో నొకటి, 2011లో నొకటి వచ్చినవి. 2024లో ప్రకటించిన కలైజ్ఞర్ కనవు ఇల్లమ్ పథకమున, 2030 లోపల గ్రామములలో ఎనిమిది లక్షల పక్కా ఇండ్లు, ఒక్కొక్కటి 360 చదరపుటడుగులు, ఇంటికి మూడున్నర లక్షల రూపాయల చొప్పున కట్టించుట ఉద్దేశము. సంకల్పము గొప్పది. అయితే పథకమేదైనను ఇల్లు గాలిలో కట్టజాలదు. అడుగున నేలయుండవలెను, నేలకు పట్టా యుండవలెను. చెరువు గట్టున, వాగు పొరంబోకులో ముప్పదియేండ్లుగా గుడిసె వేసికొనియున్నవారి చేతిలో ఓటరు కార్డుండును, రేషను కార్డుండును, పట్టా యుండదు. నేల ముందు, ఇల్లు తరువాత అని పైని వ్రాసిన దిందులకే.

మన పాఠశాలలో ఊడ్చు ఆయమ్మ సంగతి పాఠకులలో కొందరెరుగుదురు. ఆమె తాతనాటి నివేశన స్థలపు కాగితమొకటి పెట్టెలో భద్రముగా నుండెను. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలోనుండిన కాలమునాటిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తాలూకా ఈ రాష్ట్రమునకు మారెను గాని, కాగితములోని అక్షరములు మారలేదు గదా. అవి తెలుగు అక్షరములు. పట్టాకై ఆమె తిరిగిన ఒక కచ్చేరిలో దానిని చదువగలవారు లేక, చాలకాలము ప్రక్కన పెట్టిరి. ఎవరిని నిందించియు ప్రయోజనము లేదు. తుదకు మన ఉపాధ్యాయులలో ఇరువురు కూర్చుండి, ఆ కాగితములోని హద్దులు, సర్వేనంబరు, కొలతలు తమిళమున తర్జుమా చేసి, ధ్రువపరచి యిచ్చిరి. రెండేండ్ల క్రిందట ఆమెకు పట్టా వచ్చినది. తెలుగు చదివి ఏమి ప్రయోజనమని మన పిల్లలను అడుగువారికి ఈ కాగితమును చూపవచ్చును.

ఇక భద్రత. ఆ తల్లి నోట రాకున్నను మనసులో మెదలిన ప్రశ్న యిదియే. దీనిని కప్పిపుచ్చుట తగదు. ఆ కుఱ్ఱవాడు 2014 వేసవిలో అట్టి యాత్రలలో నొకదానిలో చేరి సురక్షితముగా ముగించెను. మరుసటి సంవత్సరము, 2015 జూలై చివర, బైక్ అండ్ బిల్డ్ యాత్రలోనున్న ఇరువురిని ఒక్లహోమా రాష్ట్రమున ఒక కారు ఢీకొనెను. ఒక యువ ఉపాధ్యాయుడు మరణించెను, అతని తోడి యువతి తీవ్రముగా గాయపడెను. కారు నడుపు మనిషి దృష్టి దారిమీద గాక చేతిఫోనుమీద నుండెనని తేలినది. ఆ వార్త తెలిసిన దినమున ఆమె మరల మా యింటికి వచ్చి, ఏమియు మాటలాడక కొంతసేపు కూర్చుండి వెళ్ళిపోయెను. ఆ పిల్లలు శిరస్త్రాణము ధరించిరి, దూరమునకు కనబడు రంగుబట్టలు కట్టిరి, శిక్షణయు పొందిరి. అయినను జరిగినది. పుణ్యకార్యమునకు పోవువానికి ఆపద రాదనుట భ్రమ.

కావున మీ బిడ్డ ఇట్టి కోరిక వెలిబుచ్చినచో, వలదని వెంటనే త్రోసివేయకుడు, సరేయని కన్నులు మూసికొనకుడు. ప్రతిదినమును దారి నిర్ణయించువా రెవరు, లారీలు తిరుగు పెద్దరోడ్డును వీలైనంతవరకు తప్పించుచున్నారా, చీకటిపడిన తరువాత తొక్కుదురా, గాయపడినచో వైద్యమునకు బీమా యున్నదా, పోయిన యేటి లెక్కలు బహిరంగముగా నున్నవా అని అడుగుడు. సరిగా నడచు సంస్థ ఇట్టి ప్రశ్నలకు విసుగుకొనదు. విసుగుకొన్నచో మీకు సమాధానము దొరకినట్లే. ఆడపిల్లల తల్లిదండ్రులు మరికొంత జంకుదురు. 1990 దశకపు తొలి సంవత్సరములలో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోబాటు వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చి, నీళ్ళబిందెలను, బిడ్డలను ఎక్కించుకొని తిరిగిన సంగతి వారు తలచుకొనవలెను. అంతకు పూర్వము 1923లో బొంబాయినుండి సైకిళ్ళపై బయలుదేరిన పార్సీ యువకులలో ముగ్గురు 1928లో భూప్రదక్షిణము పూర్తిచేసికొని వచ్చిరి. వారికి చేతిఫోనులు చూచుకొను చోదకుల బెడద లేదనుమాట నిజమే.

మన యూళ్ళలోనే ఇట్టిది చేయరాదా యని కొందరు యువకులు నన్నడిగిరి. చేయవచ్చును. ప్రభుత్వము పదునొకండవ తరగతి పిల్లలకు ఉచితముగా నిచ్చు సైకిలు చాలును. తిరువళ్ళూరునుండి తిరుత్తణి నలువది కిలోమీటర్లు. కత్తిరి యెండలు తగ్గిన తరువాత, తెల్లవారిన పిమ్మట బయలుదేరి, చెవిలో పాటలు పెట్టుకొనక, ఒకరి వెనుక నొకరుగా పోయినచో మధ్యాహ్నభోజనమునకు మునుపే చేరుదురు. అయితే దూరముకంటె దారిలో ఎన్నిచోట్ల దిగితిరనునది ముఖ్యము. కట్టుచున్న ఇంటియొద్ద దిగి రెండు గంటలు ఇటుకలందించినచో, మేస్త్రీ ఏమి లెక్కతో గోడ లేపునో తెలియును.

ఇటుక లెక్క యనగానే లారీ బేకరుగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశమునకు వచ్చి, కేరళలో స్థిరపడి, 2007లో కన్నుమూసిన శిల్పి. తక్కువ వ్యయముతో ఇండ్లు కట్టుట కాయన జీవితము ధారపోసెను. ఆయన ప్రచారము చేసిన ఎలుకబోను కట్టుడులో ఇటుకలను పరుండబెట్టక అంచుపై నిలిపి, రెండు వరుసల నడుమ ఖాళీ విడుతురు. గోడ మందము తగ్గదు, ఇటుకలు మాత్రము నాలుగవవంతు వరకు మిగులును. ఆ ఖాళీలోని గాలి యెండవేడిని లోపలికి రానీయదు. పైన గిలాబా లేకున్నను గోడ చూచుటకు అందముగానే యుండును.

మన పూర్వవిద్యార్థి ఈ యేడు సెలవుపై వచ్చినప్పుడు ఆయమ్మ ఇంటి పని ఆరంభమైయుండెను. పథకపు ధనము కొంత, పూర్వవిద్యార్థుల చందా కొంత. అతడు రెండు వారములు దినమును సైకిలుపై పోయి పనిచేసెను. ఎలుకబోను గోడ కట్టుదమని మేస్త్రీతో వాదించెను గూడ. "గోడలో బొక్కలు విడిస్తే నిజంగానే ఎలుకలొస్తాయి సార్" అని మేస్త్రీ మొదట ఒప్పుకొనలేదు. పునాదికి పైన మూడు వరుసలు మామూలుగా కట్టి, ఆపైన కొత్తపద్ధతి యని ఒడంబడిక జరిగెను. చందా పుస్తకమును, లెక్కలును అతని తల్లియే వ్రాయుచున్నది. కుఱ్ఱవాడు తిరిగి వెళ్ళినాడు. గోడలు కిటికీల పైయెత్తు వరకు వచ్చినవి. పనివారు పోయిన తరువాత, సాయంకాలములందు, ఆ తల్లియు ఆయమ్మయు బిందెలతో నీళ్ళు తెచ్చి గోడలు తడుపుచున్నారు. కప్పు వేయువరకు పెద్దవాన రాకుండవలెను.